నాలుగు సెకన్ల ఖాళీ

పోయిన వారం మీరు నన్ను ఆస్పత్రి మెట్ల మీద వదిలేసి వెళ్ళారు. అప్పుడు నా చేతిలో ఒక కాగితం, జేబులో ఇంకో కాగితం ఉన్నాయి. చేతిలోది ఆస్పత్రి వాళ్ళిచ్చింది. దాని ప్రకారం నా గుండె నిక్షేపంలా ఉంది. జేబులోది మా బస్సు డిపో ఇచ్చింది. దాని ప్రకారం నా గుండె గడిచిన రెండు వారాల్లో మూడుసార్లు ఆగి, మళ్ళీ బుద్ధి తెచ్చుకుని కొట్టుకుంది. రెండు కాగితాల మీదా నా పేరే, నా ఉద్యోగం నంబరే. ఏది నమ్మాలో తెలియక మెట్ల మీదే కూలబడ్డాను.

ఈ వారమే మా ఇంటికి వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి కథలోకి వెళ్తాను. పదిహేడేళ్ళుగా తొమ్మిదో నంబరు బస్సు నడుపుతున్నాను. ఆర్నెల్ల కిందట డిపోలో డ్రైవర్లందరికీ చేతికి కట్టుకునే నల్లటి రబ్బరు పట్టీలు పంచారు. బ్యాండ్ అన్నారు. అది గుండె కొట్టుకోవడం, నడక, నిద్ర అన్నీ చూసి ఆఫీసు కంప్యూటరుకి పంపుతుంది. స్టీరింగు మీద డ్రైవరుకి ఏమైనా అయితే వెనక అరవై మంది ఉంటారు కదా అన్నారు. న్యాయమే కదా అని సంతకం పెట్టాను. మూడో రోజుకల్లా పట్టీ కింద చర్మమంతా దద్దుర్లెక్కి, గోకి గోకి మణికట్టు ఎర్రబడింది. దాన్ని విప్పి ఇంట్లో పడేశాను. ఆ సంగతి డిపోలో చెప్పలేదు. కంప్యూటర్లో నా పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతుంటే చాలు, పొడుగు చేతుల చొక్కా కింద ఏముందో చూసిన నాథుడు లేడు.

ఆ పచ్చ చుక్కని వెలిగించే బాధ్యత మా మామగారు నెత్తిన వేసుకున్నారు. ఆయన నలభై ఏళ్ళు వాచీలు బాగుచేసిన మనిషి. దుకాణం మూసేసి మా దగ్గరికి వచ్చాక కూడా కిటికీ పక్కన చిన్న బల్ల వేసుకుని ఆ పనే చేస్తారు. కదిలితే తప్ప కీ తిరగని పాతకాలం వాచీలతో బతికినవాడు కాబట్టి ఆయనకో పట్టుదల ఉంది. వాచీ అన్నది మనిషి చేతికి ఉండాలి, బల్ల మీద పడేస్తే రెండు రోజుల్లో చస్తుంది. ఈ రబ్బరు ముక్కకి కీ లేదు, ముల్లు లేదు, మీ సూత్రం దీనికి పనికిరాదు మామయ్యా అంటే వినలేదు. ఇంట్లో ఎవరి చెయ్యి ఖాళీగా దొరికితే వాళ్ళకి కట్టేవారు. నేను నవ్వి ఊరుకున్నాను. అంతకన్నా పెద్ద తప్పు నేను ఈ పదిహేడేళ్ళలో చెయ్యలేదు.

ఆస్పత్రి నుంచి నేరుగా డిపోకి రమ్మన్నారు. వెళ్ళాను.

మా డిపోలో ఆరోగ్య విభాగానికి విడిగా గది లేదు. బస్సుల్లో జనం మర్చిపోయిన సామాన్లు దాచే గదిలోనే సగం ఖాళీ చేసి, బల్లా కంప్యూటరూ పెట్టారు. మిగతా సగంలో అరల నిండా గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒక కాలి చెప్పులు. ప్రతిదానికీ దారంతో కట్టిన చీటీ ఉంటుంది. సొంతదారు వచ్చి, ఇది నాదే అని ఆనవాలు చెప్పి తీసుకెళ్ళాలి. ఆ గొడుగుల ముందు ఆరోగ్య విభాగం మేడమ్ కూర్చుని ఉన్నారు. కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని, నా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నారు.

"కూర్చోండి డ్రైవర్ గారూ. టీ తాగుతారా?"

టీ అడిగారంటే వ్యవహారం ముదిరిందన్నమాట. వద్దన్నాను.

"ఇది ఆస్పత్రిది. ఇది మన బ్యాండుది. ఈ రెండూ ఒకే మనిషివి కావు."

"యంత్రం కదండీ, తప్పు చూపించిందేమో."

"నేనూ అదే అనుకున్నా. అందుకే మొత్తం రికార్డు తెరిచాను. ప్రమాదం సూచన వస్తే తప్ప మేం ఎవరిదీ లోపలిదాకా తెరవం. తెరిచాక మాత్రం..." ఆవిడ కళ్ళజోడు దించి పెట్టుకున్నారు. "తెరవకపోతే బాగుండేదనిపించింది."

కంప్యూటరు తెర నావైపు తిప్పలేదు. తనే చదువుతూ పోయారు. ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి ఈ మనిషి ఎవరితోనో గట్టిగా పోట్లాడాడు, అరగంటదాకా గుండె వేగం దిగలేదు. బుధవారం సాయంత్రం గంటన్నర కదలకుండా కూర్చున్నాడు. శనివారం పొద్దున ఏడుసార్లు మేడ మెట్లు ఎక్కి దిగాడు.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి పోట్లాట మా ఇంట్లో నిజంగానే జరిగింది. ఫ్యాను రెక్కలు తుడవడానికి స్టూలు ఎక్కొద్దని మా ఆవిడా, ఎక్కి తీరతానని మామగారూ. శనివారం మెట్లెక్కింది మా ఆవిడే, దుప్పట్లు ఆరేయడానికి. ఈవిడ పోయిన సామాన్ల గదిలో కూర్చునే మా వంటగదిలో నిలబడి చూసినట్టు చెబుతున్నారు. మేడమ్ మీద కోపం రావాలి. కోపం రావడానికి ముందు, ఇందులో సగం నేనే చేతులారా చేసుకున్నానన్న సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది.

"మంగళవారం, శుక్రవారం," అన్నారావిడ. "పొద్దున పదకొండు. రెండు వారాలూ అంతే. గుండె నిమిషానికి నూట నలభై రెండు. చోటు, సరుకుల గోడౌను వెనక మైదానం. అరగంట అక్కడే అటూ ఇటూ తిరిగింది. ఆ టైములో మీరు తొమ్మిదో నంబరు బస్సులో ఉన్నారు. బస్సు ఒకచోట, మీ గుండె ఒకచోట. ఏమనుకోమంటారు?"

మంగళ, శుక్రవారాల్లో పొద్దున పూట పట్టీ మా ఆవిడ చేతికి ఉంటుంది. బజారుకి వెళ్తున్నావుగా, దీన్ని కాస్త తిప్పి తీసుకురా అని మామగారే కడతారు. బజారు మా వీధి చివర. గోడౌను మైదానం ఊరికి అటువైపు. అక్కడ మా ఆవిడకి ఏం పని? నూట నలభై రెండు కొట్టుకునేంత పని?

మేడమ్ ఇంకా ఏదో చెబుతున్నారు, నాకు గోడౌను తప్ప ఏమీ వినపడలేదు. రెండోసారి పిలిస్తే తల ఎత్తాను.

"అవన్నీ పక్కన పెట్టండి. ఎవరు ఎక్కడికి వెళ్తే నాకెందుకు? నాకు భయం వేసింది ఇక్కడ." వేలు తెర మీద పెట్టారు. "మూడు మధ్యాహ్నాలు. మూడూ రెండుకీ నాలుగుకీ మధ్య. మనిషి పడుకుని ఉన్నాడు. గుండె మెల్లగా తగ్గుతూ వచ్చి, ఆగింది. ఒకసారి మూడు సెకన్లు. ఒకసారి మూడున్నర. మొన్న నాలుగు. నాలుగు సెకన్ల ఖాళీ డ్రైవర్ గారూ. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇంతసేపు."

ఆవిడ లెక్కపెట్టింది మామూలుగానే. నాకు మాత్రం మూడుకీ నాలుగుకీ మధ్య ఊపిరి ఆడలేదు.

"మీది కాదని ఆస్పత్రి తేల్చింది. అయితే ఎవరిది?"

"తెలీదండీ," అన్నాను. ఆ నిమిషంలో అది నిజమే.

ఆవిడ సొరుగు లాగి రెండు ఫారాలు తీశారు. ఒకటి తెల్లది, ఒకటి పసుపుది.

"తెల్లదాని మీద సంతకం పెడితే, ఈ రికార్డు నాదే అని ఒప్పుకున్నట్టు. కాపీ ఇస్తాను, ఏ డాక్టరుకైనా చూపించుకోవచ్చు. అయితే నాలుగు సెకన్ల ఖాళీ ఉన్నవాడికి స్టీరింగు ఇవ్వరు. జీవితంలో ఇంక ఇవ్వరు. ఆస్పత్రి కాగితం బాగానే ఉంది కదా అంటే, ఆ పరీక్ష చూసింది పది సెకన్ల గుండెని, మా బ్యాండ్ చూసింది రెండు వారాల గుండెని అంటారు."

"పసుపుదండీ?"

"నాది కాదని. పట్టీ వేరేవాళ్ళకి ఇచ్చినందుకు విచారణ వేస్తారు. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. అది సరే, కాపీ మాత్రం ఇవ్వను."

"అదేంటండీ? ఆ గుండె ఎవరిదో వాళ్ళకి కావాలి కదా ఆ కాపీ!"

"మీది కానప్పుడు అది వేరొకరి సొంత విషయం. వేరొకరి ఆరోగ్యం వివరాలు వాళ్ళ అనుమతి లేకుండా మీకివ్వడం నేరం."

"మరి ఇప్పటిదాకా చదివి వినిపించారు కదా?"

"మీదనుకుని వినిపించాను."

"వాళ్ళనే వచ్చి అడగమంటానండీ."

"ఎవరినని? మా రికార్డులో మీ పేరు తప్ప ఇంకో మనిషే లేడు. అది తనదేనని వాళ్ళు రుజువు చూపించాలి."

నేను ఆవిడ వెనక గొడుగుల వంక చూశాను. పోనీ ఇక్కడ గొడుగుకైనా పిడి రంగు చెప్పి తీసుకెళ్ళొచ్చు. గుండెకి ఏం ఆనవాలు చెప్పాలి? మా ఇంట్లో గుండె ఆగుతోందని ఊళ్ళో ఉన్న కంప్యూటరుకి తెలుసు. అది ఎవరిదో కంప్యూటరుకి తెలీదు, నాకూ తెలీదు. కాపీ కావాలంటే నేనే అబద్ధం ఆడాలి, లేకపోతే నిజం చెప్పి చేతులు ఖాళీగా వెళ్ళాలి. ఎక్కడైనా ఇంత తలా తోకా లేని వ్యవహారం ఉంటుందా?

"నేను చెడ్డదాన్ని కాదు," అన్నారావిడ మెల్లగా. "రేపు పదింటిదాకా ఫారాలు నా సొరుగులో పెడతాను. ఇంటికెళ్ళి ఆ మనిషిని ముందు పట్టుకోండి. ఆస్పత్రికి ఊరికే తీసుకెళ్తే పది సెకన్లు చూసి, బాగానే ఉందని పంపేస్తారు. ఖాళీ ఎప్పుడు పడుతుందో ఎవరికి తెలుసు? రికార్డు ఉంటేనే నమ్ముతారు. ఆ పట్టీ కూడా రేపు తెండి."

తరవాత ఫోను చూసుకుంటున్నట్టు తల పక్కకి తిప్పి, మూడు తేదీలూ టైములూ నెమ్మదిగా మళ్ళీ ఒకసారి పైకి చదివారు. నేను జేబులోంచి ట్రిప్పు షీటు తీసి వెనక రాసుకున్నాను. ఇద్దరం ఏమీ జరగనట్టే లేచాం.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర దాటింది. తొమ్మిదో నంబరు బస్సులోనే వెళ్ళాను, ఇంకొకడు నడుపుతుంటే వెనక సీట్లో. వంతెన మలుపు దగ్గర వాడు గేరు ఆలస్యంగా మార్చాడు. నా ఎడమ చెయ్యి దానంతటదే కదిలింది. ఈ బస్సు నాకు ఇక లేదనుకుంటే ఏడుపొచ్చింది. నలభై రెండేళ్ళవాణ్ణి, కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. సిగ్గుపడి దాచను మీ దగ్గర.

ఇంట్లో అంతా రోజూలాగే ఉంది. మా ఆవిడకి గురువారం సెలవు. డ్రైక్లీనింగు దుకాణంలో ఒంటిగంట నుంచి ఆరుదాకా ఆవిడ పని, గురువారం మాత్రం ఇంట్లో ఉంటుంది. మామగారు కిటికీ పక్క బల్ల ముందు, కంటికి వాచీల అద్దం బిగించుకుని ఏదో పళ్ళచక్రం పట్టుకుని ఉన్నారు. పక్కనే చెయ్యి చాపితే అందేంత దూరంలో మంచం. మంచం మీద మా అమ్మాయి, ఆరో తరగతి, బూట్లు కూడా విప్పకుండా దుప్పటి ముసుగేసుకుని నిద్రపోతోంది. బడి పొద్దుటి పూటే, ఒంటిగంటకి వస్తుంది. వచ్చిందంటే మంచమే. ఇంట్లో అందరం దాన్ని నిద్రమొహం అంటాం. దానికి మొద్దునిద్ర అని టీచరు కూడా రాసి పంపింది. రోజూ సాయంత్రం మామగారు దాని మణికట్టు రెండు వేళ్ళతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, "కీ ఇస్తున్నానుండండి, లేస్తుంది" అంటారు. మేం నవ్వుతాం. బల్ల మొదట్లో గుమ్మం దగ్గర ఉండేది. వెలుతురు బాగుంటుందని పోయిన నెలలో మంచం పక్కకి జరుపుకున్నారు.

నేను చొక్కా కూడా మార్చుకోలేదు. మా ఆవిడని వంటగదిలోకి పిలిచాను.

"మంగళవారం, శుక్రవారం గోడౌను వెనక ఏం చేస్తున్నావు?"

ఆవిడ చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. "ఎవరు చెప్పారు మీకు?"

"నీ గుండె చెప్పింది. నూట నలభై రెండు."

ఉన్నదంతా చెప్పాను. మెట్లూ, దుప్పట్లూ, ఆదివారం పోట్లాటా. వింటున్నకొద్దీ ఆవిడ మొహం ఎర్రబడింది. భయంతో అనుకున్నాను. కాదు.

"నా గుండె ఎంత కొట్టుకుందో మీ ఆఫీసులో కూర్చుని చదువుకున్నారా? ఆవిడెవరో చదివితే మీరు విన్నారా?"

"విన్నాను. ముందు అక్కడ ఏం పనో చెప్పు."

"వినేముందు, ఇది మా ఆవిడది, చదవొద్దు అనాలనిపించలేదా మీకు?"

కంగు తిన్నాను. నిజంగానే అనిపించలేదు. ఆ క్షణంలో నాకు అనుమానం వచ్చింది, అనుమానం వచ్చినవాడికి వినాలనే ఉంటుంది. ఆ మాట పైకి అనలేదు గానీ ఆవిడకి అర్థమైంది. ఇన్నేళ్ళు కాపురం చేశాక మనిషి మొహం చదవడానికి పట్టీలు అక్కర్లేదు.

"డ్రైవింగ్ నేర్చుకుంటున్నా," అంది, గిన్నె ఠపీమని పెట్టి. "పెద్ద బండి. ఆ మైదానంలోనే నేర్పుతారు. చెబితే ఏమంటారో తెలుసు కాబట్టి చెప్పలేదు. తోపుడుబండి కూడా తిన్నగా తొయ్యలేవని మా అక్క పెళ్ళిలో అందరి ముందూ అన్నారు, గుర్తుందా? నూట నలభై రెండు వెనక్కి తీసేటప్పుడు. రివర్సు గేరు. రాసుకోండి, ఆవిడకి కూడా చెప్పండి."

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఒక అనుమానం పోయింది. అది పోయిన చోట అసలు భయం వచ్చి కూర్చుంది. మధ్యాహ్నాలు ఆవిడ దుకాణంలో ఉంటుంది. ఆ మూడు తేదీల్లో ఒక్కటీ గురువారం కాదు. అంటే ఆ పడుకున్న మనిషి ఆవిడ కాదు.

ఇద్దరం ఒకేసారి గుమ్మంలోంచి మామగారి వీపు వంక చూశాం.

"నాన్నా," అంది మా ఆవిడ గొంతు తగ్గించి. "ఒకసారి ఇలా వచ్చి కూర్చోవా?"

ఆయన కంటి అద్దం తీయకుండానే వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. మేం చెప్పింది మొత్తం విన్నారు. ఆయనకి డెబ్బై మూడేళ్ళు. గుండె ఆగుతోందంటే ఆ వయసువాళ్ళు అడిగే ప్రశ్నలు ఏవీ అడగలేదు. ఒకటే అడిగారు.

"ఎన్ని సెకన్లు?"

"మూడు, మూడున్నర, నాలుగు," అన్నాను ట్రిప్పు షీటు చూసి.

"పెరుగుతోందన్నమాట," అన్నారు.

"నాన్నా, నువ్వు భయపడకు. సాయంత్రమే ఆస్పత్రికి వెళ్దాం. ఈయన ఆ తెల్ల కాగితం మీద సంతకం పెడతారు, కాపీ వస్తుంది." మా ఆవిడ నావైపు చూసింది. "పెడతారు కదూ?"

పదిహేడేళ్ళ బస్సు ఒకవైపు, ఈ పెద్దాయన ఇంకోవైపు. అరనిమిషం పట్టింది నాకు. ఆ అరనిమిషం పట్టినందుకు ఇప్పటికీ నామీద నాకు కోపమే.

"పెడతాను," అన్నాను.

"ఎందుకు పెడతావు అల్లుడూ?" అన్నారు మామగారు. "నేను మధ్యాహ్నం పడుకోను కదా."

అదేం మాట అన్నట్టు చూశాను. నిజమే, నేను ఇంట్లో ఉన్న ఏ మధ్యాహ్నమూ ఆయన పడుకోగా చూడలేదు. ఆ బల్ల ముందే ఉంటారు.

"పోనీ కూర్చునే కునుకు తీశారేమో, మామయ్యా."

"పనిబల్ల ముందు కూర్చుంటే చేతులకి ఏమీ ఉంచుకోను. వాచీ ఉంచుకోను, ఉంగరం ఉంచుకోను. బాగుచేసే వాచీ అద్దం గీరుకుపోతుంది. నలభై ఏళ్ళ అలవాటు." చెప్పినట్టే రెండు చేతులూ బల్ల మీద పెట్టారు. మణికట్లు బోసిగా ఉన్నాయి.

మా ఆవిడ తన చేతులు చూసుకుంది. గాజులు తప్ప ఏమీ లేవు. నా మణికట్టు మీద పాత దద్దుర్ల మచ్చ ఒక్కటే ఉంది. మా ముగ్గురి చేతులూ బల్ల మీద ఉన్నాయి. పట్టీ ఏ చేతికీ లేదు. అర్థమయ్యేది అర్థం కాకుండా ఇంకాసేపు ఆపుకోవాలని ఉంటుంది చూడండి, అలా కూర్చున్నాం.

అప్పుడు నా ఫోను మోగింది.

"ఆరోగ్య విభాగం నుంచి. ఈ ఫోను రికార్డవుతుంది, ముందే చెబుతున్నాను," అన్నారు మేడమ్ గుక్క తిప్పుకోకుండా. "ఇంకో ఖాళీ పడింది. ఇప్పుడే, రెండు నిమిషాల కిందట. అయిదు సెకన్లు. ఆ పట్టీ ఇప్పుడు ఎవరి చేతికి ఉంది?"

కుర్చీ వెనక్కి పడిపోయింది. నాలుగు అడుగుల్లో మంచం దగ్గరున్నాను. దుప్పటి తీశాను. సన్నటి చెయ్యి, దానికి పెద్దదైపోయిన నల్ల పట్టీ, చివరి చిల్లు దాటి ఇంకో చిల్లు సూదితో పొడిచి బిగించి ఉంది. దాని కింద పచ్చదీపం మెరుస్తూ ఆగుతూ ఉంది.

"డ్రైవర్ గారూ? వినపడుతోందా? ఎవరికి ఉంది?"

తెల్ల కాగితమా, పసుపు కాగితమా అని నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఏం చేసేవాణ్ణో అని ఇప్పటికీ భయం వేస్తుంది.

"నాది కాదు మేడమ్. నేనెప్పుడూ కట్టుకోలేదు. మా అమ్మాయిది ఆ గుండె. పదకొండేళ్ళు. రాసుకోండి."

"రాయడం సంగతి తరవాత. ముందు లేపండి. అంబులెన్సు పంపుతున్నాను. నేను లైన్లోనే ఉంటా."

మా ఆవిడ అప్పటికే మంచం మీద ఉంది. పాప తలని ఒళ్ళోకి తీసుకుని చెంపలు తడుతోంది, పిలుస్తోంది. నిద్రమొహమా అని పిలవబోయి నేను నాలుక కరుచుకున్నాను. ఎన్నిసార్లు అన్నాం ఆ మాట! బద్ధకం అన్నాం, దొంగనిద్ర అన్నాం. మొన్న మొహాన నీళ్ళు కూడా చల్లాను.

పాప కనురెప్పలు కదిలాయి. పెదాలు తెల్లగా ఉన్నాయి. కళ్ళు తెరిచి వాళ్ళమ్మని చూసింది, నన్ను చూసింది, నా చేతిలో ఫోనుని చూసింది. నిద్ర లేచిన మొహం కాదది. దొరికిపోయిన మొహం.

"అమ్మా, మళ్ళీ పడిపోయానా?"

మళ్ళీ అనే మాట మా ఇద్దరికీ ఒకేసారి తగిలింది. పాప చూపు మమ్మల్ని దాటి వెనక్కి వెళ్ళింది.

"తాతా, ఎవరికీ చెప్పనని ఒట్టేశావు కదా."

తిరిగి చూశాను. మామగారు తన బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. కంటి అద్దం ఇప్పుడు తీశారు. అద్దం ఉన్నచోట గుండ్రటి గుర్తు, అందులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన సొరుగు లాగి, వాచీల పళ్ళచక్రాలు దాచే రేకు డబ్బా తెరిచి, అడుగు నుంచి మడతపెట్టిన కాగితం తీసి నాకు అందించారు. ఒక్కో వాచీ రోజుకి ఎన్ని సెకన్లు తప్పుతోందో రాసుకునే ఆ చీమల్లాంటి అక్షరాలు నాకు తెలుసు. తేదీ, టైము, సెకన్లు. మొదటి తేదీ పోయిన నెలది. బల్ల మంచం పక్కకి జరిగిన రోజుది.

"పట్టీ చూసింది ఈ నాలుగే అల్లుడూ," అన్నారు. "నా వేళ్ళ కింద ఆగినవి పదకొండు."

నా చేతిలో ఫోను ఇంకా ఆన్‌లోనే ఉంది. మేడమ్ అంతా వింటున్నారు, అంతా రికార్డవుతోంది.